బెంచీ మీది రాజ్యాంగం

మార్చి 3, సోమవారం

మనుషుల మీద గౌరవం నిలబెట్టుకోవాలంటే వాళ్ళ పక్కన ఎక్కువసేపు కూర్చోకూడదు. స్టాఫ్ రూములో అన్నేళ్ళు కూర్చున్నప్పుడే ఈ సంగతి తెలియాల్సింది. ఈ బెంచీ మీద కూర్చున్నాక పూర్తిగా తెలిసింది.

డయాలసిస్ వార్డు తలుపు బయట గోడ పొడుగునా ఉండే ఇనప బెంచీ. లోపలి కుర్చీలు ఎవరికి రాసిపెట్టినవి వాళ్ళవే. కిడ్నీ మార్పిడికి పనికొస్తారని డాక్టర్లు తేల్చినవాళ్ళకే కుర్చీ, అది ఈ ఆసుపత్రి నియమం. నా గుండె బలహీనం కాబట్టి మార్పిడికి పనికిరాను. మార్పిడికి పనికిరాను కాబట్టి రక్తం శుభ్రం చేయించుకోవడానికీ పనికిరాను. పనికిరానివాళ్ళం బయట కూర్చుంటాం. లోపలివాళ్ళలో ఎవరైనా రాకపోతే, జ్వరమో, బస్సు తప్పిపోవడమో, చావో, పెద్ద నర్సు తలుపు తీసి ఒక వేలు చూపిస్తుంది. ఒకటి ఖాళీ అని. ఎవరు రావాలో మాత్రం చెప్పదు. ఆ పాపం తన నెత్తిన వేసుకోకుండా తలుపు వేసేస్తుంది.

అప్పుడు మొదలవుతుంది మావాళ్ళ నాగరికత. అందరూ కాళ్ళు చాపుతారు. ఎవరి కాలు వాళ్ళు నొక్కుకోకూడదు, పక్కవాళ్ళే నొక్కాలి. చీలమండ పైన బొటనవేలితో గట్టిగా అదిమి, వదిలి, పడిన గుంట ఎంతసేపటికి పూడుతుందో లెక్కపెడతారు. ఎవరి గుంట ఆలస్యంగా పూడితే వాళ్ళ ఒంట్లో నీరు ఎక్కువన్నమాట. వాళ్ళు లోపలికి. ఆ తతంగం జరుగుతున్నంతసేపూ నేను ఎదురుగోడ మీది 'ఆరోగ్యమే మహాభాగ్యం' అన్న బొమ్మ వైపు చూస్తూ కూర్చుంటాను. పసుపు రంగు వెలిసి, అందులో నవ్వుతున్న పాపకి కామెర్లు వచ్చినట్టుంటుంది. ఆ కాళ్ళ కంటే అదే నయం.

నా కాలు నొక్కేది గంపమ్మ. గంప నెత్తిన పెట్టుకుని వీధులవెంట కూరగాయలు అమ్మేదట. ఇప్పుడు గంప దిగింది గానీ ఆ అరుపు దిగలేదు. "నీ కాలు ఎంత మెత్తగా ఉందో టీచరమ్మా, ఎప్పుడైనా నడిచావా అసలు?" అంటుంది ఈ చివర్నించి ఆ చివరికి వినపడేలా. ఏడో తరగతికి పౌరశాస్త్రం చెప్పిన మనిషిని. ఎవరి పక్కన పడ్డానో చూడండి.

ఈ రోజు వేలు రెండుసార్లు లేచింది. నా గుంట చాలలేదు.

మార్చి 4, మంగళవారం

వేలు లేవలేదు.

లోపలి కుర్చీవాళ్ళలో టీ కొట్టాయన ఒకడున్నాడు. మార్పిడికి పనికొచ్చే రత్నం. వచ్చేటప్పుడు, వెళ్ళేటప్పుడు మా బెంచీకి నమస్కారం పెడతాడు. మొదటి తరగతి రైలు పెట్టెలో ఎక్కేవాడు ప్లాట్‌ఫారం మీద పడుకున్నవాళ్ళకి పెట్టినట్టు. నేను తిరిగి పెట్టను. గంపమ్మ పెడుతుంది, పైగా "త్వరగా మార్పిడి అయిపోవాలయ్యా" అని దీవిస్తుంది. మార్పిడి అయిపోతే కుర్చీ ఖాళీ అవుతుంది కదా అని. కాదట. ఊరికే దీవిస్తుందట. అంత అమాయకత్వం ఉండటం కూడా ఒక జబ్బే.

మార్చి 6, గురువారం

లాయరమ్మ ఆఫీసుకి వెళ్ళాను. మా కేసు ఆవిడ ఫీజు లేకుండా నడుపుతోంది. పిటిషను నా ఒక్కదాని పేరు మీదే. బెంచీ మీద మిగతావాళ్ళు సాక్ష్యాలు మాత్రమే ఇచ్చారు. ఒక్కరి పేరు మీద ఉంటే విచారణకి తొందరగా వస్తుందని ఆవిడ లెక్క. ఆ ఒక్కరూ నేనెందుకంటే, "మీరు చదువుకున్నవారు, జడ్జి అడిగితే బెదరకుండా చెప్పగలరు" అంది. తట్టలో పైన పెట్టే పండుని నేనన్నమాట.

రాజ్యాంగం తెరిచి చదివి వినిపించింది. నాకే! "ప్రతి వ్యక్తికీ ఆరోగ్య సేవలు పొందే హక్కు ఉంటుంది." దాని కింద, "అందుబాటులో ఉన్న వనరుల మేరకు రాజ్యం ఈ హక్కును క్రమక్రమంగా నెరవేరుస్తుంది." ఈ రెండు వాక్యాలనీ ఎంతమంది పిల్లల చేత బట్టీ పట్టించానో లెక్కలేదు. రెండు మార్కుల ప్రశ్న. ఒక్కో వాక్యానికి ఒక్కో మార్కు. రెండో వాక్యం మొదటి దాన్ని మింగేస్తోందేమిటని ఏ పిల్లా అడగలేదు. "ఓపిక ఉన్నంత మేరకు క్రమక్రమంగా హోంవర్కు చేస్తాను టీచర్" అని ఎవడైనా అంటే చెవి మెలేసేదాన్ని. దేశం అదే మాట అంటే మాత్రం పాఠం చేసి చెప్పాను. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ ఇద్దరినీ ఒకే పేజీలో అచ్చేశారు.

"క్రమక్రమంగా అంటే ఎప్పటికో అని కాదండీ" అంది లాయరమ్మ. ఆ పిల్లకి ముప్పయ్యేళ్ళుంటాయేమో, మాట్లాడుతుంటే కళ్ళు మెరుస్తాయి. "మన దేశం అంతర్జాతీయ ఒడంబడిక మీద సంతకం పెట్టింది. ఎంత పేద దేశమైనా కనీసం ఇంత చేసి తీరాలని ఒక గీత ఉంటుంది. దాని కిందికి పోకూడదు."

"ఆ గీత ఎక్కడుంది?"

"అది కోర్టు చెప్పాలి."

"కోర్టు ఎప్పుడు చెబుతుంది?"

నవ్వేసింది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

నా ప్రమాణపత్రం నేనే రాసుకుని తీసుకెళ్ళాను. లాయరమ్మ ఆఫీసులో పిల్లల రాత నాకు నచ్చదు. అందులో బొటనవేళ్ళ గుంటల గురించి ఒక పేరా రాశాను. నా మొత్తం రాతలో మంచి పేరా అదే. రోగులే ఒకరి కాలు ఒకరు నొక్కుకుని ఎవరు ముందో తేల్చుకునే స్థితికి దిగజారారని.

"ఇది తీసేద్దామా మేడం?" అంది.

"అబద్ధమా?"

"నిజమే. కానీ ప్రభుత్వం వాళ్ళ చేతికి వెళితే దీన్ని ఎటు తిప్పుతారో..."

"మా దిగజారుడు జడ్జికి తెలియాలి. ఉంచండి."

ఇంకో రెండుసార్లు అడిగింది. ఉంచమన్నాను. ఉంచింది. వయసులో చిన్నవాళ్ళకి భయం ఎక్కువ.

మార్చి 9, ఆదివారం

తమ్ముడి ఇంట్లో ఆదివారాలు భరించలేను. పనిదినాల్లో అయితే బెంచీ అయినా ఉంటుంది.

మరదలు నా మంచినీళ్ళకి చిన్న గ్లాసు ఒకటి వేరే పెట్టింది. రోజుకి ఇన్ని గ్లాసులే అని డాక్టరు చెప్పాడట, ఈవిడ ఆ డాక్టరుకి కాపలాదారు. "ఇంకొక్కటి తాగలేదని చెప్పకండి వదినా, మీ కళ్ళు ఉబ్బితే నాకు తెలిసిపోతుంది" అంటుంది. టీవీలో ఎవరు ఏడ్చినా తనూ ఏడుస్తుంది. ఫోనులో వాళ్ళ అక్కతో "మా వదినకి నోరొక్కటే బాగుంది, మిగతాదంతా పాడైంది" అని చెబుతుంటే విన్నాను. నేను వినాలనే చెప్పిందో ఏమో. ఏదైతేనేం, వంట చేసి పెడుతోంది.

మార్చి 10, సోమవారం

నాకు దొరికింది. లోపల నాలుగు గంటలు. బయటికి వచ్చాక మెట్లు దిగుతుంటే ఆయాసం లేదు. ఎవరు రాలేదో అడగలేదు. ఎవరూ అడగరు.

మధ్యాహ్నం నాలుగు దాటితే లోపల యంత్రాల మీద గుడ్డలు కప్పేస్తారు. సాయంత్రం పూట మనుషుల్ని పెట్టే ఉత్తర్వు లేదట. నిక్షేపంలాంటి యంత్రాలు, గుడ్డ కప్పుకుని కునుకు తీస్తాయి. వనరులు లేవంటారు. వనరులు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాయి.

మార్చి 14, శుక్రవారం

ప్రభుత్వం జవాబు దాఖలు చేసింది. లాయరమ్మ ఫోనులో చదివింది.

ప్రభుత్వ ప్లీడరుకి నేను పట్టు రుమాలు అని పేరు పెట్టుకున్నాను. కళ్ళద్దాలు తుడుచుకోవడానికి ఒకటి, తుడిచాక దులపడానికి ఒకటి ఉంటాయి ఆయన దగ్గర. ఆయన రాసింది: "పరిమిత వనరుల మధ్య ఎవరికి ముందు అన్న నిర్ణయం అనివార్యమని రోగులే అంగీకరించారు. తమలో తామే ఒక న్యాయమైన, సున్నితమైన పద్ధతిని ఏర్పరచుకున్నారు. ఈ విషయాన్ని పిటిషనరే తన ప్రమాణపత్రంలో వివరంగా తెలిపారు. కావున న్యాయస్థానం జోక్యం అవసరం లేదు."

నేను తవ్విన గోతిలోకి నన్నే మర్యాదగా చేయిపట్టి దింపాడు. అసలు లాయరమ్మ మొదట్లోనే గట్టిగా చెప్పి ఉండాల్సింది. చెప్పీ చెప్పనట్టు చెబితే ఎవరు వింటారు?

బెంచీ మీద చెప్పక తప్పలేదు. గంపమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "మన కాళ్ళ సంగతి కోర్టులో రాశావా! నా మొగుడు కూడా ఎప్పుడూ నా కాళ్ళ గురించి ఇంత పొగడలేదమ్మా." నవ్వి నవ్వి దగ్గొచ్చి, ఆయాసమొచ్చి, నా భుజం మీద వాలింది. నేను జరిగాను.

"మరి ఇప్పుడేం చేస్తావు?" అంది ఊపిరి అందాక.

"జడ్జి నన్నే అడుగుతాడట. ఇరవై నాలుగున."

"అయితే మాట్లాడు. నీ నోరు చెడ్డదే గానీ పదును."

బెంచీ చివర కూర్చునే మేస్త్రీ తల ఊపాడు. ఆయన ఇళ్ళు కట్టే మనిషి, రోజుకి నాలుగు మాటలు కూడా మాట్లాడడు. గుంటలకి లెక్కపెట్టేది ఆయనే.

మార్చి 18, మంగళవారం

వేలు లేచింది. గంపమ్మ నొక్కింది, మేస్త్రీ లెక్కపెట్టాడు. గుంట నాదే. వెళ్ళాను.

మార్చి 20, గురువారం

మళ్ళీ నాదే.

మార్చి 22, శనివారం

మూడోసారి కూడా నాదే. ఒకే వారంలో మూడుసార్లు లోపలికి వెళ్ళడం ఇదే మొదలు. అంటే జబ్బు ముదురుతోందన్నమాట. ఊపిరి మాత్రం తేలిగ్గా ఉంది, నిద్ర పడుతోంది, వింతగా. ఒంటికి తన సంగతి తనకే తెలియదు.

గంపమ్మ ఈ రోజు మెట్ల మధ్యలో కూర్చుండిపోయింది. మొహం ఉబ్బి కళ్ళు కనబడటం లేదు. నీళ్ళు తాగేసి ఉంటుంది. అదుపులేని మనుషులకి ఏ యంత్రం ఏం చేస్తుంది? "ఉప్పు మానేయకపోతే ఇంతే" అన్నాను. "మానేస్తాలే టీచరమ్మా, నువ్వు మంచి చీర కట్టుకుని వెళ్ళు" అంది.

మార్చి 24, సోమవారం

మాట్లాడాను.

కోర్టు గది మా స్కూలు అసెంబ్లీ హాలు కంటే చిన్నది. పట్టు రుమాలు అరగంట సేపు వనరుల గురించి చెప్పాడు. ఆస్తమా ఉంది, క్యాన్సరు ఉంది, పురుళ్ళు ఉన్నాయి, అందరికీ కావాలి, ఒక గదిలోని కుర్చీల లెక్క కోర్టు చూడటం మొదలుపెడితే ప్రభుత్వం నడవదు అని. అతని గొంతు బాగుంటుంది. వింటుంటే నేను బతికి ఉండటమే ఖజానాకి దుబారా అనిపించింది.

పెద్ద జడ్జి నన్ను లేపాడు. వయసైన మనిషి. కాగితం మీంచి చూపు ఎత్తకుండా, "మీలో మీరే ఎవరు ముందో తేల్చుకుంటున్నామని మీరే రాశారు. అది అన్యాయంగా జరుగుతోందా?" అన్నాడు.

"లేదయ్యా, న్యాయంగానే జరుగుతోంది" అన్నాను. లాయరమ్మ కళ్ళు మూసుకుంది. "పడవ మునుగుతుంటే లోపలివాళ్ళు ఎవరు ముందు దిగాలో న్యాయంగానే తేల్చుకుంటారు. అది వాళ్ళ మర్యాద. దాన్ని చూపించి పడవవాడు తన మర్యాద అనుకోకూడదు."

వెనక ఎవరో నవ్వారు. జడ్జి చూపెత్తాడు. నేను ఆపలేదు. సాయంత్రం నాలుగు తర్వాత యంత్రాల మీద గుడ్డలు కప్పుతారని చెప్పాను. వనరులు లేకపోవడం వేరు, వనరుల్ని పడుకోబెట్టడం వేరు అన్నాను. రాజ్యాంగంలోని ఆ రెండో వాక్యం చదివి, 'అందుబాటులో ఉన్న' అన్న మాటని ప్రభుత్వం ఎప్పుడూ తనకి సెలవు చీటీలా వాడుకుంటోంది, అందుబాటులో ఉన్నదాన్ని వాడి తీరాలని కూడా అందులోనే ఉంది అన్నాను. ఎక్కడా ఆగి ఊపిరి తీసుకోవాల్సిన అవసరం రాలేదు.

"సాయంత్రం యంత్రాలు ఖాళీగా ఉంటాయా?" జడ్జి పట్టు రుమాలుని అడిగాడు.

"కనుక్కుని తెలియజేస్తాను." కళ్ళద్దాలు తీసి తుడిచాడు.

వచ్చే సోమవారానికి వాయిదా. బయటికి వచ్చాక లాయరమ్మ నన్ను కౌగిలించుకుంది. ఇలాంటి వేషాలు నాకు పడవు గానీ, ఈ రోజుకి ఊరుకున్నాను. గంపమ్మ వచ్చి వినాల్సింది. నోరు ఎలా వాడాలో తెలిసేది.

మార్చి 25, మంగళవారం

గంపమ్మ లేదు. నిన్న పొద్దున, నేను కోర్టుకి బయల్దేరే వేళకి, ఊపిరి ఆడక అత్యవసర విభాగానికి తెచ్చారట. యంత్రం ఎక్కించే లోపే పోయింది.

మేస్త్రీ చెప్పాడు. ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం ఇదే చూశాను.

"ఆ మూడు గుంటలూ మీవి కాదు టీచరమ్మా. ఆవిడవే."

"అంటే?"

"మీది ఇట్టే పూడిపోయేది. ఆవిడ కన్ను గీటేది, నేను లెక్కపెడుతూ పోయేవాణ్ణి. మీరు గోడకేసి చూస్తారు కదా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు ఊరుకుంటారా? కోర్టులో ఆయాసపడితే మాట మధ్యలో ఆగిపోతుందంది. మనందరికీ కలిపి నోరున్నది ఒక్కతే, అది ఆరిపోకుండా చూసుకోవాలంది."

"మీరు ఎలా ఒప్పుకున్నారు?"

"ఆవిడని ఎవరు కాదనగలరమ్మా?"

వేలు లేచింది. ఎవరూ కాళ్ళు చాపలేదు. చివరికి మేస్త్రీని నేనే లోపలికి తోశాను.

మార్చి 26, బుధవారం

ఎవరడిగారు నిన్ను?

మార్చి 28, శుక్రవారం

లాయరమ్మ ఇంటికి వచ్చింది. కుర్చీ అంచున కూర్చుంది. మరదలు ఇచ్చిన టీ చల్లారిపోయినా తాగలేదు.

"ప్రభుత్వం నుంచి ఒక మాట వచ్చింది మేడం. డాక్టర్లు మీ గుండె రిపోర్టులు మళ్ళీ చూశారట. మీకు కుర్చీ ఇస్తామంటున్నారు. వారానికి మూడుసార్లు, శాశ్వతంగా."

"మిగతావాళ్ళకి?"

"మీకు మాత్రమే. మీరు అడిగింది మీకు దొరికిందంటే, ఇక తేల్చడానికి ఏమీ లేదని కోర్టు కేసు మూసేస్తుంది. తర్వాత ఇంకొకరి పేరు మీద వేస్తాను. మళ్ళీ మొదట్నించి."

"మళ్ళీ మొదట్నించి అంటే బెంచీ మీద ఎంతమంది మిగులుతారు?"

లాయరమ్మ టీ కప్పుని పక్కకి జరిపింది.

"మీ సలహా ఏమిటి?"

"మీ లాయరుగా అయితే తీసుకోమనే చెప్పాలి. నాకు కేసు ముఖ్యం కాదు, మీరు ముఖ్యం."

"లాయరుగా కాకుండా?"

కళ్ళజోడు తీసి ఏడ్చింది. ఈ పిల్లని కోర్టులోకి ఎలా రానిస్తారో తెలియదు.

తమ్ముడు, "ఇందులో ఆలోచించేదేముంది అక్కా?" అన్నాడు. మరదలు వంటింటి గుమ్మంలో నిలబడి, "తీసుకోండి వదినా. మీరు తిట్టకపోతే ఈ ఇంట్లో నాకు తోచదు" అంది. టీ చల్లారిపోయింది వేడి చేసి ఇవ్వమన్నాను.

ఆలోచించాను. నేనెవరికీ బాకీ లేను. వాళ్ళు నన్ను అడక్కుండా చేశారు. నా నోరు బతకాలనే కదా గంపమ్మ చేసింది. అయితే బతికిద్దాం. కుర్చీ తీసుకోవడమే ఆవిడకి నేను చేసే న్యాయం. బాగుంది. ఈ మాట పట్టు రుమాలుకి కూడా తట్టి ఉండదు.

తీసుకుంటానని ఫోను చేసి చెప్పాను.

మార్చి 29, శనివారం

కుర్చీ చూసుకోవడానికి వెళ్ళాను. కిటికీ పక్కది. వెలుతురు బాగుంటుంది, చదువుకోవచ్చు. పెద్ద నర్సు కొత్త దుప్పటి పరిచి ఉంచింది. "సోమవారం కోర్టు పని అయ్యాక రండి, ఇక మీకు దిగులు లేదు" అంది. నా మొహంలోకి చూడలేదు.

బయటికి వచ్చేసరికి బెంచీ మీద టీ కొట్టాయన కూర్చుని ఉన్నాడు.

"మీరేంటి ఇక్కడ?"

"నాక్కూడా గుండెలో ఏదో తేడా ఉందట టీచరుగారూ. మొన్న తేలింది. మార్పిడికి కుదరదన్నారు." నవ్వడానికి ప్రయత్నించాడు. లేచి నాకు చోటిచ్చాడు. "మీకు ఇక్కడి పద్ధతులు తెలుసు కదా. ఎలా కూర్చోవాలి? ఏదైనా వరస ఉంటుందా?"

మేస్త్రీ అతన్ని తన పక్కకి రమ్మన్నాడు. చెప్పు విప్పమన్నాడు.

నా గుండె బాగుపడిన వారమే అతని గుండె చెడింది. వైద్యశాస్త్రం ఇంత సమయపాలన ఎప్పుడు నేర్చుకుందో.

మార్చి 31, సోమవారం

పట్టు రుమాలు ఈ రోజు ఉత్సాహంగా ఉన్నాడు. "పిటిషనరుకి పూర్తి ఉపశమనం లభించింది. తేల్చవలసిన వివాదమేదీ మిగలలేదు" అన్నాడు. నా వైపు తిరిగి చిన్నగా తల కూడా వంచాడు. పెళ్ళికొడుకులా.

జడ్జి నన్ను లేపాడు. "మీకు సమ్మతమేనా?"

సమ్మతమే అనడానికే వెళ్ళాను. నిజం. ఆ మాట నోట్లోనే ఉంది.

"ఒక్కటి అడగొచ్చా అయ్యా? నాకిచ్చే కుర్చీ కొత్తదా?"

జడ్జి ప్లీడరు వైపు చూశాడు.

"సర్దుబాటు చేశాం."

"ఎవర్ని లేపి సర్దుబాటు చేశారు?"

రుమాలు బయటికి వచ్చింది. రెండోది కూడా. జడ్జి అదే ప్రశ్న మళ్ళీ అడిగాడు. వెనక కూర్చున్న ఆసుపత్రి అధికారిని లేపితే, ఒక రోగి అర్హత ఇటీవల పునఃపరిశీలనలో మారిందని గొణిగాడు.

"అయితే నాకొద్దు" అన్నాను. ఆయాసం వచ్చింది, ఈ వారం బెంచీ మీద నా వంతు నేను ఎవరికిచ్చానో ఇక్కడ రాయను. బల్ల పట్టుకున్నాను. "హక్కంటే ఒకరి కింద కుర్చీ లాగి ఇంకొకరికి వేయడమని నేను పిల్లలకి చెప్పలేదు. మొన్న ఇక్కడ నేను మాట్లాడితే మెచ్చుకున్నారు. ఆ ఊపిరి నాది కాదయ్యా. కూరగాయలమ్ముకునే ఒక మనిషి తన వంతులు మూడు నాకిచ్చింది, నేను మాట్లాడుతుండగా అత్యవసర విభాగంలో చచ్చిపోయింది. మా పద్ధతి సున్నితంగా ఉందని వీళ్ళు రాశారు. అదీ సున్నితం. మాలో మాకు ఉన్నదాన్ని వీళ్ళు లెక్కలో వేసుకుని మిగులు చూపిస్తున్నారు. సాయంత్రం ఆ గుడ్డలు తీయించండి. నాకు ఇంకేమీ వద్దు."

ఎవరూ నవ్వలేదు. జడ్జి సాయంత్రం యంత్రాల సంగతి అడిగాడు. ఖాళీగానే ఉంటున్నాయని అధికారి ఒప్పుకున్నాడు. మనుషుల్ని వేయమని ఆయన రాసిన ఫైలు ఏడాదిగా పైన ఉందట.

అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి రాయించాడు. మార్పిడికి పనికిరాడన్న కారణంతో ప్రాణం నిలిపే చికిత్స ఆపడం చెల్లదని, ఎవరినీ కుర్చీలోంచి లేపకూడదని, వచ్చే సోమవారం నుంచి సాయంత్రం పూట వార్డు నడపాలని.

వీళ్ళ మీద నాకు ప్రేమ పుట్టుకొచ్చి ఇలా చేయలేదు. నన్ను ఇంత చవగ్గా కొనొచ్చని వాళ్ళు అనుకోవడం భరించలేకపోయాను. అంతే. రాసి పెట్టుకుంటున్నాను.

ఏప్రిల్ 1, మంగళవారం

అంతే కాదు. కానీ ఎలా రాయాలో తెలియడం లేదు. ఆ రోజు నా భుజం మీద వాలితే జరిగాను.

ఏప్రిల్ 3, గురువారం

ఉత్తర్వు నకలు వచ్చింది. బెంచీ మీదవాళ్ళకి చదివి వినిపించమని లాయరమ్మ పంపింది. చదివాను. మానవ గౌరవం, ఒడంబడికలు, కనీస బాధ్యత, రాజ్యాంగ నిర్మాతల స్వప్నం. పేజీలకి పేజీలు. జడ్జిగారికి విశేషణాల మీద మోజు ఎక్కువ, నా దగ్గర చదివి ఉంటే సగం కొట్టేసేదాన్ని. చివర్లో ఒకచోట "పిటిషనరు వాదనా పటిమను ఈ న్యాయస్థానం అభినందిస్తున్నది" అని ఉంది. అది చదవకుండా దాటేశాను.

టీ కొట్టాయన నోరు తెరుచుకుని విన్నాడు. మేస్త్రీ ఓపిగ్గా చివరిదాకా ఆగి, "ఇంతకీ ఏమంటారు టీచరమ్మా?" అన్నాడు.

"సోమవారం సాయంత్రం ఐదింటికి రమ్మంటున్నారు."

"ఎవర్ని?"

"అందర్నీ."

"అందరికీ కుర్చీ ఉంటుందా?" టీ కొట్టాయన నమ్మలేనట్టు మళ్ళీ అడిగాడు. "మనందరికీ?"

"మనందరికీ" అన్నాను.

నా పక్క చోటు ఖాళీగా ఉంది. గంపమ్మ పోయినప్పటి నుంచీ అక్కడ ఎవరూ కూర్చోవడం లేదు. అందరూ అటే చూశారు. ఒక్కరు కూడా నా తప్పు దిద్దలేదు.